పర్లాకిమిడి ఇల్లు, పాతపట్నం పొలం, తెలుగులో రాసిన వీలునామా: అన్నయ్య చెల్లదంటున్నాడు

తనయ_ఒడ్డు
నాన్న పోయి ఎనిమిది నెలలయింది. పర్లాకిమిడిలో ముప్పై రెండేళ్ళు లెక్కల మాస్టారు. సంవత్సరీకం కూడా కాకముందే ఇంట్లో గొడవ మొదలైంది.

ఆస్తి పెద్దదేం కాదు. ఊరి చివర ఇల్లు, దాని వెనక దొడ్డి, రెండూ ఒడిశా పట్టా. నది దాటితే పాతపట్నం మండలంలో ఎకరా ఇరవై సెంట్లు పల్లం, అది ఆంధ్రా పాసు పుస్తకం. బ్యాంకులో ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, నామినీ అన్నయ్య. అన్నీ నాన్న జీతంతో కొన్నవే, తాతలిచ్చినవి కావు.

2017లో నాన్న వీలునామా రాసి బీరువాలో అమ్మ పట్టుచీరల కింద పెట్టారు. రెండు ఠావులు, నీలం సిరా, ఆయన దస్తూరీయే. గుండుసూది తుప్పు పట్టి కాగితం మూల గోధుమరంగు మరకైంది. ఇల్లూ దొడ్డీ అక్కకీ నాకూ, పొలం అన్నయ్యకి, అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండాలి అని రాశారు. సంతకం ఉంది, ఇద్దరు సాక్షులున్నారు. ఒకాయన కరోనాలో పోయారు. రెండో ఆయన నాన్నతో పనిచేసిన ఒడియా మాస్టారు, ఎనభై దాటాయి.

అన్నయ్య హైదరాబాదులో ఉంటాడు. రిజిస్టరు కాలేదు కాబట్టి అది చిత్తు కాగితం అంటాడు. ఒడిశాలో తెలుగు వీలునామా నడవదంటాడు. నామినీని నేను కాబట్టి డిపాజిట్ నాదే అంటాడు. ఇంకో దిద్దుబాటు కూడా పట్టుకున్నాడు, అది తర్వాత చెబుతాను. అమ్మ నా దగ్గరే ఉంది. "ఆ కాగితం చింపీసి అందరూ సమానంగా తీసుకోండర్రా" అంటోంది.

గుణుపురం_గురువింద
ముందు అమ్మని ఆ కాగితం దగ్గరికి రానివ్వకండి.

దస్తావేజు_తాత
సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని నలభై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదమ్మా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో సెక్షన్ 18 చూడు, అది ఇష్టమైతే చేయించుకునే జాబితాలో ఉంటుంది. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. "తాతా, దీనిమీద రాయి, గట్టిగా ఉంటాది" అని వంద రూపాయల స్టాంపు కొనుక్కొచ్చేవారు జనం. కాగితం గట్టిగానే ఉండేది!

కావలసింది వేరు. 1925 భారత వారసత్వ చట్టం సెక్షన్ 63. రాసినాయన సంతకం పెడుతుండగా సాక్షులు చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన వాళ్ళతో చెప్పాలి. వాళ్ళు ఆయన ఎదుట సంతకాలు పెట్టాలి. కనీసం ఇద్దరు. ఆ ఇద్దరూ ఒకే గంటలో పక్కపక్కన కూర్చోవాలనేమీ లేదు. సాక్షికి లోపల ఏముందో తెలియనక్కర్లేదు కూడా.

బరంపురం_పట్టు
తెలుగు నడవదన్నది ఎవరో గాలికి వదిలిన మాట. వీలునామా ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. మా పెదనాన్నది తెలుగే, బరంపురం కోర్టులో ఇంగ్లీషు అనువాదం జతచేసి పెట్టాం. జడ్జిగారు ఒడియా ఆయన, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అనువాదంలో "మేనకోడలు" అన్నది "కోడలు" అయిపోయిందని మా వకీలుకి చీవాట్లు పడ్డాయి, అంతే.

దస్తావేజు_తాత
పట్టు గారి మాటకి చిన్న తోక. రిజిస్ట్రేషన్‌కి తీసుకెళితే మాత్రం భాష అడ్డొస్తుంది. ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో ఉండి, ఆఫీసరుకి అర్థం కాకపోతే సెక్షన్ 19 ప్రకారం వెనక్కి ఇచ్చేస్తాడు. సరైన అనువాదం, ఒక నకలు జతచేస్తే తీసుకుంటాడు. పర్లాకిమిడిలో తెలుగు వాడుకలో లేదని ఎవడైనా అంటే బజారులో ఒక్క రౌండు తిప్పండి. మనిషి పోయాక కూడా వీలునామా రిజిస్టరుకి పెట్టొచ్చు, దానికి గడువు లేదు.

రాయగడ_రైలు
ఒక చిన్న అనుమానం. కాగితం చెల్లదు అంటున్న అన్నగారికి పొలం ఏ కాగితం మీద వస్తోంది?

గుణుపురం_గురువింద
😂😂 రైలు గారు టైముకొచ్చారు.

రాయగడ_రైలు
నవ్వులాట కాదు. సొంత ఆస్తి, హిందువు, వీలునామా లేదు అనుకోండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, ఇద్దరు కూతుళ్ళు, నలుగురికీ సమానం. పొలం ఎకరా ఇరవై కదా, ఆయన వాటా ముప్పై సెంట్లు. ఆ ముప్పై సెంట్లూ చూపించి మాట్లాడండి.

తనయ_ఒడ్డు
ఇంతమందిమి ఉన్నాం, ఇది ఎవరికీ తట్టలేదు. అన్నయ్య ఆలోచన ఇల్లు కూడా నాలుగు వాటాలవ్వాలని. ఇల్లు, దొడ్డి ఖరీదు పొలానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఆ లెక్క ఆయనకీ తెలుసు.

రాయగడ_రైలు
ఓహో. అయితే లెక్కల మాస్టారి కొడుకే.

కటకం_కబురు
అందరూ అసలు విషయం వదిలేశారు. ఒడిశాలో వీలునామాకి ప్రొబేటు, అంటే అది నిజమైనదేనని కోర్టు ఇచ్చే పత్రం, తప్పనిసరి. మా ఆవిడ మేనమామగారిది కటకంలో నాలుగేళ్ళు నడిచింది. ప్రొబేటు లేకుండా తాసిల్దారు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఫైలు ముట్టుకోలేదు. ఇక్కడ ఆశలు పెట్టి పంపకండి.

మద్రాసు_కాలం
మీరు చెప్పింది కటకానికి నిజం. పర్లాకిమిడికి కాదు.

ప్రొబేటు లేనిదే వీలునామా కింద హక్కు కోర్టులో అడగరాదు అనేది తాతగారు చెప్పిన 1925 వారసత్వ చట్టంలోనే సెక్షన్ 213. హిందువుల్లో అది అందరికీ కాదు, సెక్షన్ 57లో చెప్పిన చోట్లకే. ఆ చోట్లు ఏవంటే, 1870 సెప్టెంబరు 1 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు కింద ఉన్న ప్రాంతాలు, మద్రాసు, బొంబాయి హైకోర్టుల నగర పరిధి. కటకం, పూరీ, బాలేశ్వరం అప్పుడు బెంగాల్ కింద. గంజాం, పర్లాకిమిడి, జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలో, కానీ మద్రాసు నగరంలో కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మనం ఇటొచ్చాం. ఆ పాత గీత మాత్రం చట్టంలో అలాగే ఉండిపోయింది.

కొరాపుట్_కాఫీ
"మనం మద్రాసోళ్ళంరా" అని మా తాత ఎందుకనేవాడో ఇన్నాళ్ళకి అర్థమైంది.

కటకం_కబురు
చరిత్ర బాగుంది. తాసిల్దారు 1870 చదువుకుని కూర్చుంటాడా?

నల్లకోటు_అక్క
వకీలుని, బరంపురంలో ప్రాక్టీసు. కాలం గారు చెప్పింది సరైనదే, దక్షిణ ఒడిశా జిల్లాల్లో హిందూ వీలునామాకి ప్రొబేటు తప్పనిసరిగా ఉండేది కాదు. పైగా 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ 213నే ఎత్తేసింది. కబురు గారు చెప్పిన మేనమామగారి కేసు పాతకాలంది, అప్పటికి అది న్యాయమే.

కానీ తప్పనిసరి కాదు అంటే అవసరం రాదు అని కాదు. వారసుల్లో ఒకరు అభ్యంతరం పెడితే తాసిల్దారు "కోర్టులో తేల్చుకు రండి" అంటాడు. వీలునామా నిజమా కాదా అని తేల్చే పని ఆయనది కాదు. ఇక్కడ ఇంకో సంగతి, మీ నాన్నగారు ఎగ్జిక్యూటర్ని, అంటే వీలునామా అమలు చేసే మనిషిని, రాశారా?

తనయ_ఒడ్డు
లేదండీ. ఆ మాటే లేదు కాగితంలో.

నల్లకోటు_అక్క
అయితే మీరు అడగాల్సింది ప్రొబేటు కాదు. ప్రొబేటు ఎగ్జిక్యూటర్‌కే ఇస్తారు. ఎగ్జిక్యూటర్ లేనప్పుడు వీలునామా జతచేసిన "లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్" అడగాలి, అంటే ఆస్తి వ్యవహారం చూసే అధికారం ఇస్తూ కోర్టు ఇచ్చే పత్రం. మీ జిల్లా జడ్జి కోర్టు పర్లాకిమిడిలోనే ఉంది. ఒక చిక్కు: జిల్లా జడ్జి ఇచ్చేది మామూలుగా ఆ రాష్ట్రం వరకే పనిచేస్తుంది. బయటి రాష్ట్రంలో ఆస్తి పదివేల రూపాయలు దాటితే అది చాలదు. పదివేలు 1925 నాటి లెక్కల్లో పెద్ద మొత్తమే, ఇప్పుడు పాతపట్నంలో గట్టు కూడా రాదు. దేశమంతా చెల్లాలంటే హైకోర్టు నుంచి తెచ్చుకోవాలి. మీరు ముందు ఒడిశా ఇంటి సంగతి చూసుకోండి. ఆంధ్రా పొలం ఎలాగూ అన్నయ్యది, ఆయనకి కావాలంటే ఆయనే ఈ వీలునామా పట్టుకుని పాతపట్నం వెళ్ళాలి.

బ్యాంకు_రిటైరు
డిపాజిట్ సంగతి నేను చెబుతాను, ముప్పై ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నాను. నామినీకి బ్యాంకు డబ్బిచ్చేస్తుంది, ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. అంతవరకే. ఆ డబ్బు నామినీ సొంతం కాదు, వారసుల తరఫున అందుకునే మనిషి. బీమా పాలసీ మీద సుప్రీం కోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో ఇదే చెప్పింది, 2023లో షేర్ల మీద కూడా ఇదే.

మీ నాన్నగారి వీలునామాలో డిపాజిట్ ఊసు ఉందా? లేకపోతే ఆ ఆరు లక్షలకి వీలునామా లేనట్టే. నలుగురికి తలా లక్షన్నర. కాబట్టి అక్కడ మీకూ మొత్తం రాదు, అన్నయ్యకీ రాదు.

2025 నవంబరు 1 నుంచి ఖాతాకి నలుగురు నామినీలని పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. మీ అమ్మగారి ఖాతాకి అయినా పెట్టండి.

పలాస_పనస
మా ఇంట్లో నామినీ బావు డబ్బు తీసీసి బైకు కొనీసినాడు. ఇప్పుడు చట్టం చెప్తే "బైకు సగం కోసీమంతావేటి" అంతన్నాడు.

తనయ_ఒడ్డు
ఇప్పుడు ఆ దిద్దుబాటు. వీలునామాలో "ఇల్లు, వెనక దొడ్డి 8 గుంటలు" అని రాసి, 8 మీద గీత కొట్టి పైన 10 వేశారు. పక్కన సంతకం లేదు. పట్టాలో దొడ్డి ప్లాటు 0.400 (ఎకరాల్లో) అని ఉంది.

అన్నయ్య లెక్క ఇది. ఎకరాకి నలభై గుంటలు కాబట్టి 10 గుంటలంటే 25 సెంట్లు. దొడ్డి 40 సెంట్లు. మిగతా 15 సెంట్లు వీలునామాలో లేవు, నలుగురికీ పంచాలి. దిద్దుబాటు చెల్లదంటే 8 గుంటలే, అంటే 20 సెంట్లే మీవి, సగం దొడ్డి పంపకంలోకి వస్తుంది అంటాడు. అక్క ఏడుపు మొదలుపెట్టింది. ఆ దొడ్డిలోనే బావి, నాన్న వేసిన రెండు పనస చెట్లు.

గుణుపురం_గురువింద
నలభై ఏంటి? గుంట అంటే ఎకరాకి ఇరవై అయిదు!

సిరొంచ_గోదారి
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మహారాష్ట్రలో గుంట అంటే ఎకరాకి నలభయ్యే, 1089 చదరపు అడుగులు. గోదారి దాటి తెలంగాణలోకి వెళ్ళినా నలభయ్యే. ఇరవై అయిదు ఎక్కడిది?

గుణుపురం_గురువింద
ఒడిశాది సిరొంచ గారూ. ఇక్కడ ఒక గుంట నాలుగు డెసిమళ్ళు. ఇరవై అయిదు గుంటలయితే ఒక మాణ, అంటే ఎకరా. డెసిమల్ అంటే మన సెంటే.

పలాస_పనస
మా పక్క గుంట అంటే ఆడపిల్ల. ఎకరాకి ఎంతమందో తెలీదు.

తనయ_ఒడ్డు
ఆగండి. పది నాలుగ్గళ్ళు నలభై. పట్టాలో 0.400. అంటే నాన్న 10 వేసింది ఒడిశా గుంటలో, పట్టా లెక్కకి సరిగ్గా సరిపోయింది!

కొరాపుట్_కాఫీ
లెక్కల మాస్టారు లెక్క తప్పుతారా అక్కా.

కటకం_కబురు
8 అని ముందు తప్పారుగా.

నల్లకోటు_అక్క
ఇక్కడ రెండు విషయాలున్నాయి, కలపకండి.

దిద్దుబాటుకి 1925 చట్టం సెక్షన్ 71. సంతకాలయ్యాక చేసిన దిద్దుబాటు దానంతటది చెల్లదు, దానికి పక్కనే రాసినాయనా సాక్షులూ మళ్ళీ సంతకం పెట్టాలి. కానీ సంతకాలకి ముందే దిద్ది ఉంటే అది వీలునామాలో భాగమే. ముందా తర్వాతా అని ఎవరు చెప్పాలి? ఆ ఒడియా మాస్టారు. ఇప్పటికి మీకున్న బంగారం ఆయనే.

రెండోది కొలత. ఏ గుంట అని కోర్టు నిఘంటువు చూడదు, రాసిన మనిషి ఏ ఊరివాడు, ఆ ఊళ్ళో ఆ మాటకి అర్థమేంటి, ఆస్తి ఎలా ఉంది అని విచారిస్తుంది. సెక్షన్ 75 అందుకే ఉంది. ఆస్తి ఫలానా అని గుర్తుపట్టగలిగితే వర్ణనలో పొసగని ముక్కని తీసి పక్కన పెట్టేస్తుంది, అది 78.

దస్తావేజు_తాత
అమ్మా, చెక్కుబందీ రాశారా? నాలుగు హద్దులు?

తనయ_ఒడ్డు
చూసొచ్చాను. రాశారు తాతగారూ. తూర్పున మున్సిపాలిటీ కాలువ, పడమర మా ఇల్లు, ఉత్తరాన బాట, దక్షిణాన పక్కవాళ్ళ ప్రహరీ గోడ.

దస్తావేజు_తాత
అయితే ఇంకేటి గొడవ! హద్దులు స్పష్టంగా ఉంటే విస్తీర్ణం వెనక్కి పోతుంది. కాలువ నుంచి ఇంటి దాకా ఎంతుంటే అంతా మీదే, అది ఎనిమిదైనా పదైనా. మీ నాన్న గుంటలు పక్కనపెట్టి హద్దులు రాసుకున్నాడు చూడు, నేను రాసినా అంతే రాసేవాణ్ణి.

సిరొంచ_గోదారి
నలభై గుంటల వాళ్ళం ఒప్పుకుంటున్నాం.

జయపురం_జాజి
వీలునామా ఎందుకండీ అసలు. మా నాన్న బతికుండగానే ఇల్లు తమ్ముడికి గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించేశారు. కోర్టులూ లేవు, గొడవలూ లేవు. హాయి.

రాయగడ_రైలు
జాజి గారూ, మీ నాన్న ఇప్పుడెక్కడుంటున్నారు?

జయపురం_జాజి
తమ్ముడి దగ్గరే... పై గదిలో.

రాయగడ_రైలు
మా మావయ్య కూడా పై గదే. గిఫ్ట్ ఇచ్చిన ఆరు నెలలకి కింద వంటింట్లోకి కాఫీ కోసం వెళితే "ఇంకా కాలేదు" అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆయన సొంతంగా స్టవ్ కొనుక్కున్నాడు. వీలునామా అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, పోయేదాకా ఇంటాయన ఇంటాయనే. గిఫ్ట్ అయితే ఇచ్చింది ఇచ్చినట్టే.

నల్లకోటు_అక్క
ఒక మాట కలుపుతాను. గిఫ్ట్ డీడ్‌లో "నన్ను చూసుకోవాలి" అన్న షరతు పెట్టి, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు. మీ మావయ్య దస్తావేజులో షరతు రాయించుకున్నారో లేదో చూడండి. అరవై దాటినవాళ్ళకే ఇది.

బరంపురం_పట్టు
మా పిన్ని సంగతి చెప్పనా. పిల్లల్లేరు, బాబాయి ముందే పోయాడు. పిన్ని ఉద్యోగం చేసుకుని సొంతంగా ఇల్లు కొంది. వీలునామా రాయమంటే "నాకేం వయసైంది" అంది. పోయాక ఆ ఇల్లు ఎవరికెళ్ళిందో తెలుసా? ఆవిడ ముఖం కూడా చూడని బాబాయి అన్న కొడుకులకి. ఇంట్లో ఆవిడకి ఆఖరి మూడేళ్ళూ చేసినది సొంత చెల్లెలు. చట్టం అంతే, పిల్లల్లేని ఆడమనిషి సొంత సంపాదన ముందు భర్త వారసులకి, తర్వాతే తల్లిదండ్రులకి. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి అయితే మాత్రం పుట్టింటి వైపు వెళుతుంది. చెల్లెలికి పిన్ని ముక్కుపుడక ఒక్కటే దక్కింది, అదీ ఆసుపత్రి వాళ్ళు చేతికిస్తే.

కొరాపుట్_కాఫీ
ఇది చదివి మా అక్కకి ఫోన్ చేశాను. రాయిస్తున్నాను ఈ ఆదివారమే.

గంజాం_గవ్వ
ఇంకో కేసు వినండి. మా ఎదురింటాయన రాయగడ వైపు అయిదెకరాలు ఒక గిరిజనుడి పేరు మీద పెట్టి, తన వీలునామాలో కొడుక్కి రాశాడు. ఇప్పుడు కొడుకు ఆ కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు.

నల్లకోటు_అక్క
తిరగడమే. తనది కానిది రాసిస్తే వచ్చేదేముంది? ఒడిశా 1956 రెగ్యులేషన్ 2 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి బదిలీ అవ్వదు. ఎక్కువ కదిలిస్తే కేసు ఆయన మీదకే వస్తుంది.

తనయ_ఒడ్డు
అక్కా, అమ్మ సంగతి అడగనా? "ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఉండాలి" అన్నదానికి ఆవిడకి ఏ హక్కు వస్తుంది?

నల్లకోటు_అక్క
మంచి ప్రశ్న, జవాబు సూటిగా లేదు. అనుభవించే హక్కు మాత్రమే ఇచ్చారనుకుంటే ఇల్లు ఆవిడ తర్వాత మీ ఇద్దరికీ వస్తుంది. కానీ ఆ హక్కు పోషణ కింద ఇచ్చినదైతే అది పూర్తి యాజమాన్యంగా మారే అవకాశం ఉంది. ఇది 1977లో సుప్రీం కోర్టు మన ఆంధ్రా నుంచి వెళ్ళిన తులశమ్మ కేసులో చెప్పింది, 1956 చట్టం సెక్షన్ 14 మీద. ఆ తర్వాత రెండు వైపులా తీర్పులొచ్చాయి. మాటలు ఎలా రాశారన్నదాని మీద ఆధారపడుతుంది. మీ కాగితం చూడకుండా తేల్చను. "ఉండాలి" అని మాత్రమే ఉందంటున్నారు కాబట్టి నివాసం వరకే అనిపిస్తోంది.

ఇంకోటి. ఖర్చుకి భయపడకండి. మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టం సెక్షన్ 12. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఒక దరఖాస్తు రాస్తే వకీలుని ఇస్తారు. ఫోన్ అయితే 15100.

కటకం_కబురు
ఉచిత వకీలు ఉచితంగానే పనిచేస్తాడు.

నల్లకోటు_అక్క
నేను ఆ ప్యానెల్లో ఆరేళ్ళున్నాను కబురు గారూ.

కటకం_కబురు
మాట వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ.

బ్యాంకు_రిటైరు
మాస్టారి వయసు ఎనభై అన్నారు. ఆలస్యం చెయ్యకండి. ఇద్దరు సాక్షులూ పోతే చేతిరాత నిరూపించుకుంటూ కూర్చోవాలి. ముప్పై ఏళ్ళ పాత దస్తావేజుకి ఉండే సౌకర్యం వీలునామాకి ఉండదని కూడా విన్నాను.

నల్లకోటు_అక్క
నిజమే, ఉండదు. బతికున్న ఒక్క సాక్షి చాలు, ఆయన వచ్చి నాన్నగారూ, తనూ, రెండో సాక్షీ సంతకాలు పెట్టిన తీరు చెప్పాలి. కోర్టుకి రాలేకపోతే సాక్ష్యం తీసుకునే కోర్టు కమిషనర్ని ఇంటికి పంపమని అడగొచ్చు. వెళ్ళి కలవండి. కానీ ఏం చెప్పాలో నేర్పించకండి, వినండి అంతే.

తనయ_ఒడ్డు
నాలుగు రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి.

నిన్న మాస్టారింటికి వెళ్ళాను. వరండాలో పడక్కుర్చీ, పక్కన రేడియో. సగం తెలుగు, సగం ఒడియాలో మాట్లాడతారు, నాన్నతో కూడా అలాగే మాట్లాడేవారు. అక్క చెప్పినట్టు నేనేం అడగలేదు, "నాన్న కాగితం మీద సంతకం పెట్టారట కదండీ" అన్నాను. ఆయనే మొదలుపెట్టారు. రథయాత్ర మర్నాడట. జనంలో నడిచి నాన్నకి కాళ్ళు వాచిపోతే మంచం మీద కూర్చుని రాశారట. కాగితం మీద తేదీ చూశాను, 26-6-2017. 2017లో రథయాత్ర జూన్ 25.

తర్వాత నవ్వారు. "మీ నాన్న ఎనిమిది అని రాశాడు. నేను, ఆ రెండో ఆయన పక్కనే ఉన్నాం. పట్టా తెచ్చి చూడరా అన్నాను. చూసి, కొట్టేసి పది వేశాడు. అరె, గణిత మాస్టర్, భుల్ (తప్పు)! అన్నాను. కోపం వచ్చింది. ఆ తర్వాతే సంతకాలు పెట్టాం." టీ చల్లారిపోయింది, మళ్ళీ మళ్ళీ అదే చెప్పి నవ్వుతున్నారు.

రాయగడ_రైలు
ఒంటిమీద వెంట్రుకలు లేచాయండీ.

నల్లకోటు_అక్క
రథయాత్ర గుర్తు చాలా బలం. దిద్దుబాటు సంతకానికి ముందే అన్నమాట. ఇప్పుడే దరఖాస్తు వేయండి.

దస్తావేజు_తాత
అనువాదానికి ముందు తెలుగు నకలు శుభ్రంగా రాయాలంటే నాకు పంపు తల్లీ. డబ్బొద్దు. ఆ కొట్టేసిన ఎనిమిదిని కూడా కొట్టేసినట్టే రాయాలి, మర్చిపోకు. చాలామంది నకల్లో దిద్దుబాట్లు శుభ్రం చేసి చిక్కుల్లో పడతారు.

తనయ_ఒడ్డు
అలాగే తాతగారూ. అన్నయ్యకి రాత్రి ఫోన్ చేసి మాస్టారి మాటలు చెప్పాను. ముప్పై సెంట్ల సంగతీ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాన్నకి కోపం వచ్చిందా? ఏమన్నాడట?" అని అడిగాడు. సంవత్సరీకానికి వారం ముందే వస్తానన్నాడు, మాస్టారింటికి తననీ తీసుకెళ్ళమన్నాడు. ఇల్లు ఒప్పుకున్నట్టా కాదా అని అడిగితే "వచ్చాక చూద్దాం" అన్నాడు. డిపాజిట్ మాత్రం నలుగురికీ అన్నాడు, అదీ బ్యాంకు వాళ్ళు అఫిడవిట్ అడిగారని.

కటకం_కబురు
వచ్చాక చూద్దాం అన్న మాట నమ్మకండి. దరఖాస్తు ఆపకండి.

నల్లకోటు_అక్క
కబురు గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను. అన్నయ్య ఒప్పుకుంటే కోర్టులో అభ్యంతరం లేదని రాసిస్తాడు, పని ఇంకా తొందరగా అవుతుంది.

పలాస_పనస
ఆ దొడ్డిలో పనసకాయ కూరకి నన్ను పిలవండప్పా. ఎన్ని గుంటలైనా పర్లేదు.

గుణుపురం_గురువింద
అన్నీ బాగున్నాయి. ఇంతకీ అసలు కాగితం ఎక్కడ పెట్టారు?

తనయ_ఒడ్డు
అమ్మకి తెలియని చోట.